ఎరువుల షాపు లెక్కలు డాష్‌బోర్డులోకి: పవర్ బీఐ ప్రాజెక్టు డైరీ

ఖమ్మంలో మామయ్యది ఎరువులు, పురుగుమందులు, విత్తనాల హోల్‌సేల్ షాపు. వైరాలో ఒక బ్రాంచి, మధిరలో ఒకటి. మూడు చోట్లా లెక్కలు ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే రాస్తారు, కానీ మూడూ వేర్వేరు కంపెనీలుగా. ఏ డీలర్ ఎంత బాకీ, ఏ సరుకు ఎన్ని టన్నులు పోయింది, పోయినేడు ఈపాటికి ఎంత అమ్మాం అన్న మూడు ప్రశ్నలకు మామయ్య ఫోన్‌లో జవాబు కనపడాలి. పని అంతే. ట్యాలీ వాడే ఏ షాపులోనైనా ఇవే చిక్కులు ఎదురవుతాయి కాబట్టి వరసగా రాసి పెడుతున్నాను.

వాడినవి: పవర్ బీఐ డెస్క్‌టాప్ (లెక్కలను చార్టులుగా చూపే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్, ఉచితం, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది), 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఎక్సెల్, వన్‌డ్రైవ్.

మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాం. 2024-25 ఆర్థిక సంవత్సరానికి జీఎస్టీ కలపని నికర అమ్మకం ట్యాలీలో రూ. 6,84,12,350. డాష్‌బోర్డులోనూ రూపాయి తేడా లేకుండా అదే అంకె వచ్చేదాకా ఒక్క చార్టు కూడా గీయకూడదు. తేడా ఎంత మిగిలిందో కింద దశలవారీగా రాశాను.

## దశ 1: ట్యాలీ నుంచి డేటా బయటికి

ట్యాలీకి నేరుగా కనెక్ట్ కావడానికి ఓడీబీసీ (ఒక సాఫ్ట్‌వేర్ డేటాను ఇంకోటి చదివే పద్ధతి) దారి ఉంది. కానీ రిఫ్రెష్ (కొత్త డేటా లాగడం) అయ్యే సమయానికి ట్యాలీ తెరిచి ఉండాలి, అందులో కంపెనీ లోడ్ అయి ఉండాలి. బ్రాంచీల్లో రాత్రి ఎనిమిదికల్లా సిస్టమ్ ఆపేస్తారు. అందుకని నెలకో ఎక్సెల్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి ఒకే ఫోల్డర్‌లో వేయించి, పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాను శుభ్రం చేసే భాగం) ఫోల్డర్ కనెక్టర్‌తో కలిపాం.

మొదటి లోడ్‌లో వచ్చిన మొత్తం: రూ. 14,45,47,580.
తేడా: రూ. 7,61,35,230

అసలు మొత్తానికి రెట్టింపు దాటి వచ్చిందంటే ముందు చూడాల్సింది ఫైల్ చివరి వరుస. ట్యాలీ ప్రతి రిజిస్టర్ కింద 'గ్రాండ్ టోటల్' వరుస పెడుతుంది. పవర్ క్వెరీకి అది కూడా ఒక బిల్లే. దాన్ని తీసేయగానే అంకె సగమైంది.

తేడా: రూ. 38,61,440

రెండో చిక్కు ఫైల్ పైభాగంలో. షాపు పేరు, అడ్రస్, తేదీల వివరం అన్నీ అక్కడ వరుసలుగా వస్తాయి. ఖమ్మం అడ్రస్ మూడు లైన్లు, మధిరది నాలుగు. 'పై వరుసలు ఇన్ని తీసేయ్' అని చెబితే ఒక బ్రాంచికి సరిపోయింది ఇంకో బ్రాంచికి సరిపోదు. మార్చిన పద్ధతి ఇది:

1. వరుసల సంఖ్య చెప్పకుండా, మొదటి కాలమ్‌లో 'డేట్' అనే మాట కనపడేదాకా వదిలేయమని టేబుల్.స్కిప్‌కు షరతు పెట్టాలి.
2. ఆ వరుసను హెడర్‌గా మార్చాలి.
3. 'గ్రాండ్ టోటల్' వరుసను ఫిల్టర్ చేయాలి.
4. అవసరమైన కాలమ్‌లు మాత్రమే ఉంచుకుని మిగతావి తీసేయాలి.
5. డేటా టైపులు అన్నిటికంటే చివర పెట్టాలి.

నాలుగు, ఐదు అంకెల వరస ముఖ్యం. పవర్ క్వెరీ తనంతట తానే 'ఛేంజ్డ్ టైప్' అని ఒక స్టెప్ వేస్తుంది. అందులో ప్రతి కాలమ్ పేరూ ఉంటుంది. రేపు బ్రాంచిలో ఎవరో మనకు అక్కర్లేని ఒక కాలమ్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసినా ఆ స్టెప్ దగ్గరే రిఫ్రెష్ ఆగిపోతుంది. ఆ స్టెప్‌ను తీసేయండి, టైపులు మీరే పెట్టండి.

## దశ 2: ఎక్సెల్‌లో కనపడేది, పవర్ క్వెరీకి అందేది

ఎక్కువ కాలం పట్టింది ఈ దశకే. ట్యాలీ ఎక్స్‌పోర్ట్ చేసిన ఎక్సెల్ తెరిస్తే '25,000 క్రెడిట్' అనో '120 బ్యాగులు' అనో కనిపిస్తుంది. ఆ సెల్ మీద క్లిక్ చేసి ఫార్ములా బార్ చూడండి. అక్కడ 25000, 120 మాత్రమే ఉంటాయి. డెబిట్, క్రెడిట్, బ్యాగ్, లీటర్ అన్న మాటలు సెల్‌లోని విలువలో లేవు, నంబర్ ఫార్మాట్‌లో ఉన్నాయి. పవర్ క్వెరీ విలువను చదువుతుంది, ఫార్మాట్‌ను చదవదు.

దీనివల్ల రెండు నష్టాలు.

మొదటిది, బాకీలు. అడ్వాన్స్ ఇచ్చిన డీలర్ కూడా బాకీదారుల జాబితాలో చేరిపోతాడు. లెడ్జర్ ముగింపు నిల్వలు తీసుకోవడం మానేసి, సండ్రీ డెటర్స్ (బాకీదారుల) గ్రూప్ సమ్మరీ తీసుకున్నాం. అందులో డెబిట్, క్రెడిట్ వేర్వేరు కాలమ్‌లుగా వస్తాయి కాబట్టి గుర్తు పోదు.

రెండోది, వాపసులు. క్రెడిట్ నోట్ రిజిస్టర్‌లో మొత్తాలన్నీ ప్లస్‌గానే వస్తాయి. ఆ ఏడాది వాపసులు రూ. 14,37,600. తీసేయాల్సింది కలిసిపోతే తేడా దానికి రెట్టింపు, అంటే రూ. 28,75,200 కనిపిస్తుంది. తేడా దేనివల్ల వచ్చిందో అంతు చిక్కనప్పుడు ఆ అంకెను రెండుతో భాగించి ఆ మొత్తం ఏ రిజిస్టర్‌లోనైనా ఉందేమో వెతకండి. అకౌంటెంట్లు ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు చేసేది ఇదే. వోచర్ టైప్ క్రెడిట్ నోట్ అయితే మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించమని ఒక కాలమ్ పెట్టాం.

తేడా: రూ. 9,86,240

ఈ మిగిలింది మొత్తం మధిరది. మిగతా రెండు చోట్ల 'వాల్యూ' కాలమ్ వస్తోంది, మధిర ఎక్స్‌పోర్ట్‌లో 'గ్రాస్ టోటల్' ఒక్కటే వస్తోంది. అంటే జీఎస్టీ కలిసిన మొత్తం. ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం, విత్తనాలకు పన్ను లేదు. కాబట్టి మొత్తం మీద ఏదో ఒక శాతం తీసేసి సరిపెట్టడం కుదరదు. మధిర వాళ్లకు ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ మార్చి చూపించి, పాత నెలలన్నీ మళ్లీ తీయించాం.

తేడా: రూ. 0

ఇక్కడే పని అయిపోయిందనుకుంటే నెలవారీ అంకెలు తప్పుతాయి. మొత్తం కుదిరాక నెలల వారీగా, బ్రాంచీల వారీగా విడదీసి చూడండి. వైరాలో ఏ తేదీ లేని ఒక ఖాళీ నెల కనిపించింది. అక్కడి ఫైల్ ఎక్సెల్ కాదు, సీఎస్‌వీ (తేదీలు మామూలు అక్షరాలుగా ఉండే ఫైల్). ల్యాప్‌టాప్ ప్రాంతీయ సెట్టింగ్ అమెరికాది కావడంతో 05-06 అంటే జూన్ 5 కాస్తా మే 6 అయింది. 12 దాటిన రోజులు చెల్లని తేదీలై ఖాళీగా లోడ్ అయ్యాయి. డబ్బు ఎక్కడికీ పోలేదు, అందుకే ఏడాది మొత్తం సరిగ్గానే ఉంది. చెడింది నెలల లెక్క. 'ఛేంజ్ టైప్' కింద 'యూజింగ్ లోకేల్' ఎంచుకుని 'ఇంగ్లిష్ ఇండియా' పెడితే, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తేదీలు ఒకేలా చదువుతుంది.

## దశ 3: ఒక డీలర్, మూడు పేర్లు

మూడు బ్రాంచీల లెడ్జర్లు కలిపితే 412 పేర్లు వచ్చాయి. నిజంగా ఉన్న ఖాతాలు 287. ఒకచోట 'ట్రేడర్స్' అని పూర్తిగా రాస్తారు, ఒకచోట పొట్టిగా, ఇంకోచోట ముందు ఊరి పేరు. ఒకే డీలర్ బాకీ మూడు ముక్కలుగా కనపడితే ఎవరికీ అది పెద్ద బాకీ అనిపించదు. ఈ ప్రాజెక్టులో నిజంగా డబ్బు దాగిన చోటు ఇదే.

సాఫ్ట్‌వేర్ పరంగా ఒక మెలిక: పవర్ క్వెరీకి చిన్నక్షరం, పెద్దక్షరం వేర్వేరు. డేటా మోడల్‌కు (టేబుళ్లను ఒకదానితో ఒకటి కలిపే చోటు) రెండూ ఒకటే. పవర్ క్వెరీలో డూప్లికేట్లు తీసేసినా, ఇంగ్లిష్‌లో ఒకసారి అన్నీ పెద్దక్షరాల్లో, ఇంకోసారి మామూలుగా రాసిన పేరు రెండు వరుసలుగా మిగులుతుంది. తీరా మోడల్‌లో రిలేషన్‌షిప్ కలపబోతే 'డూప్లికేట్ విలువలున్నాయి' అని ఎర్రర్ వస్తుంది.

మేము స్థిరపడిన క్రమం:

1. పేర్లన్నీ ముందు పెద్దక్షరాల్లోకి మార్చాలి.
2. తర్వాత ట్రిమ్. ఇది చివర్ల ఖాళీలనే తీస్తుంది, మధ్యలోని డబుల్ స్పేస్‌ను విడిగా రీప్లేస్ చేయాలి.
3. ఆ తర్వాతే డూప్లికేట్లు తీయాలి.
4. రిజిస్టర్డ్ డీలర్లకు పేరు బదులు జీఎస్టీ నంబరునే కీ (ఖాతాను గుర్తుపట్టే కోడ్) చేయాలి. 15 అక్షరాలు లేని నంబర్లను పక్కన ఒక జాబితాగా పెట్టాలి. తెలంగాణ నంబర్లన్నీ 36తో మొదలవ్వాలి.
5. జీఎస్టీ నంబరు లేని రైతు ఖాతాలకు బ్రాంచి కోడ్, లెడ్జర్ పేరు కలిపి కీ చేయాలి.

నాలుగో అంకెలో మామయ్య ఒక సవరణ చెప్పారు. ఒకే జీఎస్టీ నంబరు మీద ఇద్దరు అన్నదమ్ములు రెండు ఊళ్లలో దుకాణాలు నడుపుతున్నారు. "నంబరు ఒకటే గానీ అల్లుడూ, వసూలుకు ఇద్దరి దగ్గరికీ విడివిడిగా పోవాలి గదా" అన్నారు. కాబట్టి కీలో ఊరు కూడా చేరింది. ఇలాంటిది ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. పేర్ల జాబితా మొత్తం ప్రింటు తీసి షాపు యజమాని ముందు పెట్టడం తప్పనిసరి.

## దశ 4: బస్తాల నుంచి టన్నులకు

యూనిట్లు పోయాయని పైన రాశాను కదా. అందుకని సరుకుల మాస్టర్ టేబుల్ ఒకటి చేత్తో తయారు చేశాం: సరుకు పేరు, రకం, అమ్మే యూనిట్, ఒక్కో యూనిట్ బరువు. డీఏపీ బస్తా 50 కిలోలు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే. అన్నిటికీ 50 వేస్తే 10,000 యూరియా బస్తాలకు 450 టన్నులు రావాల్సింది 500 చూపిస్తుంది. నానో యూరియా సీసా 500 మిల్లీలీటర్లు, దాన్ని టన్నుల్లో కలపకూడదు. రకం కాలమ్ ఖాళీగా ఉంటే టన్నుల అంకె అసలు చూపించకుండా ఖాళీ వదిలేలా కొలమానం (మెజర్, అంటే అంకెను లెక్కగట్టే ఫార్ములా) రాశాం. తప్పుడు అంకె కంటే ఖాళీ నయం, ఎందుకంటే ఖాళీ కనిపిస్తే ఎవరో ఒకరు అడుగుతారు.

కోడ్‌లను అంకెలుగా చదవనివ్వకండి. సున్నాతో మొదలయ్యే కోడ్‌ను నంబర్ టైప్‌గా మారిస్తే ముందున్న సున్నా పోతుంది. కలపని, తీసివేయని ప్రతి అంకెనూ టెక్స్ట్‌గానే ఉంచాలి.

## దశ 5: తేదీల టేబుల్, కార్తెలు

పవర్ బీఐ ఫైల్ 11 ఎంబీ ఉంది. 60 వేల బిల్లు లైన్లకు ఇది చాలా ఎక్కువ. పవర్ బీఐ ప్రతి తేదీ కాలమ్ వెనకా ఒక రహస్య తేదీల టేబుల్ తయారు చేస్తుంది. లారీ చేరిన తేదీలు చేత్తో రాసే షీట్‌లో ఒకచోట 2024 బదులు 2204 పడింది. దాంతో దాదాపు 180 ఏళ్ల రోజులన్నీ, 65 వేలకు పైగా వరుసలు, ఆ ఒక్క కాలమ్ కోసం తయారయ్యాయి. ఆప్షన్స్‌లో 'ఆటో డేట్ టైమ్' ఆపేశాం, తేదీ సరిచేశాం.

ఫైల్ సైజు: 11 ఎంబీ నుంచి 6 ఎంబీకి

సొంత తేదీల టేబుల్‌లో ఉండాల్సినవి: తేదీ, ఆర్థిక సంవత్సరం, నెల పేరు, నెల వరస సంఖ్య (ఏప్రిల్‌కు 1, మార్చికి 12). నెల పేరును ఆ వరస సంఖ్యతో 'సార్ట్ బై కాలమ్' చేయకపోతే ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఏప్రిల్ తర్వాత ఆగస్టు వస్తుంది. ఏడాది మొదటి నుంచి మొత్తం చూపే టోటల్ వైటీడీకి సంవత్సరాంతం మార్చి 31 అని చెప్పకపోతే జనవరి నుంచి లెక్కపెడుతుంది. మార్చి, జనవరి అంకెలు చేతితో ఒకసారి సరిచూసుకోండి.

ఇక కార్తెలు. నెలల చార్టు చూపిస్తే మామయ్య ముందు తిరకాసు పెట్టారు: "జూలై అంటే నాకేం తెలుస్తది? పునర్వసులో ఎంత పోయింది, పుష్యమిలో ఎంత పోయింది, అది చెప్పు." డీలర్లు ఆర్డర్లు ఇచ్చేదీ, రైతు నాట్లు, పైపాటు ఎరువులు అనుకునేదీ కార్తెల మీదే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు, మొత్తం 27 కార్తెలు. పంచాంగం చూసి మొదలయ్యే తేదీలు షీట్‌లో రాసి, తేదీల టేబుల్‌లో 'కార్తె' కాలమ్ చేర్చాం. మృగశిర జూన్ 8 ప్రాంతం, ఆరుద్ర 22 ప్రాంతం. ఏడాదికేడాది ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి ప్రతి ఏడాదికీ విడిగా రాయాలి.

నెల బార్లలో జూలై మొత్తం ఒకే ఎత్తున కనిపించేది. కార్తెలుగా విడదీశాక యూరియా అమ్మకం ఎప్పుడు ఎగబాకిందో స్పష్టంగా కనపడింది. అయితే కార్తె కాలమ్ వానలు ఆలస్యమవడాన్ని సరిదిద్దదు, ఎందుకంటే కార్తె తేదీలు ఎప్పుడూ దాదాపు అవే. వానలు వెనకబడిన ఏడాది పునర్వసును పోయినేడు పునర్వసుతో పోలిస్తే అమ్మకం పడిపోయినట్టు కనిపించి అనవసరమైన టెన్షన్. అందుకే దాని పక్కనే జూన్ 1 నుంచి కూడుతూ వచ్చే గీత ఒకటి పెట్టాం, పోయినేడుది బూడిద రంగులో. రెండూ కలిపి చూడాలి.

## దశ 6: బాకీల పేజీ

బాకీ ఎన్నాళ్లదో చూపడానికి 30, 60, 90, 180 రోజుల గడులు వేశాం. పత్తి, మిర్చి రైతుకు ఉద్దెర ఇచ్చే డీలర్ పంట అమ్ముడయ్యాకే కడతాడు కాబట్టి 90 దగ్గర ఆపితే అందరూ ఎర్ర రంగులోనే ఉంటారు. 180 గడి అందుకోసమే.

పెద్ద చిక్కు 'ఆన్ అకౌంట్' జమలు. డీలర్ రెండు లక్షలు కడితే ఏ బిల్లుకో చెప్పకుండా ఖాతాలో జమ వేస్తారు. పాత బిల్లు అలాగే తెరిచి ఉంటుంది, వయసు పెరుగుతూ ఉంటుంది. పాత బిల్లులకు వరసగా సర్దేలా పవర్ క్వెరీలో రాయొచ్చు, కానీ వద్దనుకున్నాం. ఏ బిల్లుకు ఎంత కట్టారన్నది డీలర్‌తో మాట్లాడి తేల్చాల్సిన విషయం, ఫార్ములా తేల్చేది కాదు. బదులుగా 'సర్దని జమ' అని విడి కాలమ్ పెట్టాం. అది పెరిగితే అకౌంటెంటు ట్యాలీలో బిల్లు వారీగా సర్దుతారు.

మామయ్య తెల్లవారుజామున ఐదింటికే ఫోన్ చూస్తారు. ఆ సమయానికి బాకీల వయసు అన్నీ ఒక రోజు తక్కువ చూపించేవి, ఆరింటికి సరిగ్గా ఉండేవి. పవర్ బీఐ సర్వీస్‌లో (రిపోర్టు ఉండే ఆన్‌లైన్ చోటు) 'టుడే' ఫంక్షన్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం నడుస్తుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు ఉదయం 5:30. 'యూటీసీ నౌ'కు ఐదున్నర గంటలు కలిపి ఈనాటి తేదీ తీసుకుంటే సమస్య పోయింది. డెస్క్‌టాప్‌లో పరీక్షిస్తే ఇది ఎప్పటికీ బయటపడదు.

## దశ 7: తెర మీద

మొదటి పేజీలో 14 విజువల్స్ (చార్టులు, టేబుళ్లు లాంటివి) ఉండేవి, తెరుచుకోవడానికి 9 సెకన్లు. పెర్ఫార్మెన్స్ అనలైజర్ నడిపి చూసి 5కు తగ్గించాం. గుండ్రటి 'పై' (pie) చార్టులు, గేజులు పోయాయి.

పేజీ తెరుచుకునే సమయం: 9 సెకన్ల నుంచి 2 సెకన్ల లోపుకు

అంకెలు కె, ఎం అని వేలల్లో, మిలియన్లలో వస్తాయి. డిస్‌ప్లే యూనిట్స్‌లో లక్ష ఎంపిక లేదు. యూనిట్స్ 'నన్' పెట్టి, కొలమానాన్నే 1,00,000తో డివైడ్ చేసి, శీర్షికలో 'రూ. లక్షల్లో' అని రాశాం. భాగహారానికి గీత గుర్తు బదులు డివైడ్ ఫంక్షన్ వాడితే, కింద సున్నా వచ్చినప్పుడు ఇన్ఫినిటీ అని రాకుండా ఖాళీ వస్తుంది. తెలుగు శీర్షికలకు నిర్మల యూఐ ఫాంట్ ఇబ్బంది పెట్టలేదు. మొబైల్ లేఅవుట్ విడిగా సర్దాలి, లేకపోతే ఫోన్‌లో కంప్యూటర్ పేజీయే చిన్నదై వస్తుంది.

## దశ 8: రిఫ్రెష్, లైసెన్సు

ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో ఉంటే గేట్‌వే (ఆ ఫైళ్లను ఆన్‌లైన్ సర్వీస్‌కు అందించే ప్రోగ్రాం) కావాలి, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోతే రిఫ్రెష్ ఫెయిల్. వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే షెడ్యూలే ఆగిపోతుంది, మళ్లీ మనమే ఆన్ చేయాలి. ఫోల్డర్‌ను వ్యాపార ఖాతా వన్‌డ్రైవ్‌కు మార్చాక గేట్‌వే అవసరం పోయింది. పవర్ బీఐకి డబ్బు కట్టి తీసుకునే ప్రో లైసెన్సుకు రోజుకు 8 రిఫ్రెష్‌లు. మేము వాడేది రెండే, రాత్రి తొమ్మిదికి, తెల్లవారి నాలుగుకు.

డీలర్, సరుకు టేబుళ్లను పవర్ క్వెరీలో మెర్జ్ చేయడం మానేసి మోడల్‌లో రిలేషన్‌షిప్‌గా పెట్టాక వేగం పెరిగింది.

రిఫ్రెష్ సమయం: 4 నిమిషాల నుంచి 50 సెకన్లకు

ఖర్చు: జీమెయిల్‌తో ఖాతా తెరవనివ్వదు కాబట్టి షాపు పేరు మీద డొమైన్ మెయిల్ తీసుకున్నాం. రిపోర్టు తయారు చేసేవాళ్లకే కాదు, చూసేవాళ్లకూ ప్రో ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి అది మనిషికి నెలకు 14 డాలర్లు, అంతకుముందు 10. ఇద్దరికి 28 డాలర్లు. బ్రాంచీలకు లైసెన్సు తీసుకోలేదు, వారానికోసారి పీడీఎఫ్ పంపుతున్నాం.

ఖర్చు మిగులుతుందని 'పబ్లిష్ టు వెబ్' మాత్రం నొక్కకండి. ఆ లింకు దొరికిన ఎవరైనా లాగిన్ లేకుండా డీలర్ల బాకీలన్నీ చూడొచ్చు. బ్రాంచీలకు రేపు లాగిన్ ఇచ్చినా ఒకరి లెక్క ఒకరికి కనపడకుండా రో లెవెల్ సెక్యూరిటీ పెట్టాలి. అది వ్యూయర్ హోదా ఉన్నవాళ్లకే పనిచేస్తుంది, వర్క్‌స్పేస్‌లో మెంబర్‌గా చేర్చిన మనిషికి అన్నీ కనిపిస్తాయి. 'వ్యూ యాజ్'తో పరీక్షించాకే లింకు పంపాలి.

## ఇప్పటి స్థితి

- నికర అమ్మకంలో తేడా: రూ. 0. ప్రతి నెలా 5వ తేదీన బ్రాంచీల వారీగా మళ్లీ సరిచూస్తున్నాం. ట్యాలీ అంకెలు ఒక చిన్న షీట్‌లో రాస్తే, డాష్‌బోర్డు చివరి పేజీ తేడా చూపిస్తుంది.
- ఖాతాలు: 412 పేర్ల నుంచి 287. వీటిలో 9 జీఎస్టీ నంబర్లు ఇంకా 15 అక్షరాలు లేవు, డీలర్లను అడిగి తెప్పిస్తున్నాం.
- మిగిలిన పని: గోడౌన్ నిల్వ. ట్యాలీ నిల్వకూ, సబ్సిడీ ఎరువులు అమ్మే పీఓఎస్ మెషీన్ నిల్వకూ పొంతన కుదరడం లేదు. మధిరలో యూరియాతో మొదలుపెట్టి, ముందు బస్తాలు లెక్కపెట్టి, ఆ అంకెను ప్రారంభ నిల్వగా వేయబోతున్నాం.